టెంట్ బరువెంత? అది రెండో ప్రశ్న!

కయాక్‌లో తెడ్డు వేసుకుంటూ వెళ్లి, నీటి ఒడ్డున టెంట్ వేసుకుని ఓ రాత్రి గడపాలని ప్లాన్ చేస్తున్నారా? అయితే కొనే ముందు ఇది చదవండి. ట్రిప్ ఆలోచన లేకపోయినా చదవండి. స్పెసిఫికేషన్ షీట్ చూసి నిర్ణయం తీసుకోవడం ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

బీటెక్ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులు 4,000 రూపాయలు ఉన్నాయి. ఆ నవంబరులో నలుగురు ఫ్రెండ్స్‌మి గండికోట వెళ్లాలనుకున్నాం. పెన్నా లోయలో కయాకింగ్, ఒడ్డున టెంట్లు వేసుకుని ఓ రాత్రి. నేను ఆన్‌లైన్‌లో వెతికి 'అల్ట్రాలైట్, 1.3 కిలోలు' అని పెద్ద అక్షరాలతో ఉన్న టెంట్ ఆర్డర్ పెట్టేశాను. నేను చూసింది ఆ ఒక్క అంకెనే.

పార్సిల్ రామసముద్రం వచ్చింది. విప్పి చూపిస్తే మా నాయన, "ఏందిరా ఇది, టమోటాల పైన కప్పే పట్ట మాదిరి ఉండాది!" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆయన మాటలో పాయింట్ ఉందని నాలుగు రోజుల తర్వాతగానీ అర్థం కాలేదు.

గండికోటలో ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తాను. ఆ టెంట్ నిలబడాలంటే రెండు ట్రెక్కింగ్ కర్రలు కావాలి. అవి బాక్సులో రావు, విడిగా కొనుక్కోవాలి. కింద మొత్తం బండ. మేకులు దిగవు. తాళ్లను రాళ్లకు చుట్టి, తెడ్డును కర్రలా నిలబెట్టి ఎలాగో లేపాం. ఒకటే పొర గుడ్డ కావడంతో అర్ధరాత్రికి లోపలి గోడలంతా చెమ్మ. తర్వాత సన్నగా తుంపర మొదలైంది. ఎక్కడో తాడు వదులై గుడ్డ వచ్చి నా ఫ్రెండ్ మీద పడింది. వాడి స్లీపింగ్ బ్యాగ్ మొత్తం తడిసిపోయింది. తెల్లారే దాకా వాడు వణుకుతూనే ఉన్నాడు. పొద్దున మళ్లీ అదే మనిషి, నిద్ర లేని కళ్లతో, వణికే చేతులతో నీళ్ల మీద తెడ్డు వేయాలి. అక్కడే నాకు భయం వేసింది. టెంట్ సరిగా లేకపోతే పాడయ్యేది నిద్ర ఒక్కటే అనుకున్నాను. మర్నాటి భద్రత కూడా దాని మీదే ఉంటుంది.

మిగతా ఇద్దరూ అరువు తెచ్చుకున్న 3 కిలోల పాత డోమ్ టెంట్‌లో హాయిగా, పొడిగా నిద్రపోయారు. అయితే వాళ్ల కష్టం ఇంకో రకం. ఆ సంచి పొడుగ్గా ఉండి కయాక్ వెనక గుంటలో పట్టలేదు. అడ్డంగా పెట్టి కట్టారు. దారంతా పడవ ఒక పక్కకు ఒరుగుతూనే ఉంది.

అంటే రెండు టెంట్లూ తప్పే. ఒకటి మరీ తేలికై తప్పు, ఇంకోటి ఆకారం కుదరక తప్పు. ఇప్పుడు మీకు ఒక ప్రశ్న: మరి సరైనది ఏది?

ముందు నాలుగు లైన్లు రాయండి

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కోడ్ రాయడానికి ముందు రిక్వైర్‌మెంట్స్ రాస్తారు కదా. ఇక్కడా అంతే. షాపింగ్ యాప్ తెరవకముందే కాగితం మీద నాలుగు లైన్లు రాసుకోండి.

ఎక్కడ? బండ మీదా, ఇసుకలోనా, మట్టి నేల మీదా? ఎప్పుడు? జనవరి చలిలోనా, ఏప్రిల్ ఉక్కలోనా, అక్టోబరు-డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల వానల్లోనా? ఎంతమంది? దాన్ని మోసేది ఎవరు, ఎంత దూరం?

ఈ నాలుగో ప్రశ్నను ఎక్కువమంది వదిలేస్తారు. మా ఊరి లెక్కే చూడండి. రామసముద్రం నుంచి మదనపల్లె, అక్కడి నుంచి రాయచోటి మీదుగా కడప, మళ్లీ జమ్మలమడుగు, ఆ తర్వాత గండికోట. ఇన్ని బస్సులు మారేటప్పుడు బ్యాగు మన భుజం మీదే. ఆ తర్వాత బస్సు దిగిన చోటి నుంచి నీళ్ల దాకా రాళ్ల మీద నడక. కయాక్‌లో పెట్టాక మాత్రం ఆ బరువు నీళ్లు మోస్తాయి.

బరువు ఎవరు మోస్తారు?

ట్రెక్కింగ్‌కీ కయాక్ క్యాంపింగ్‌కీ తేడా ఇక్కడే. కొండ ఎక్కేవాడికి ప్రతి 100 గ్రాములూ తెలుస్తాయి. కయాక్‌కు ఒక కిలో అటూ ఇటూ పెద్ద లెక్క కాదు. చిన్న ఉదాహరణ. మీ కయాక్ గరిష్ఠంగా 120 కిలోలు మోస్తుందని రాసి ఉందనుకుందాం. ఆ అంకెను పూర్తిగా వాడుకోకూడదు. అందులో మూడొంతులు, అంటే 90 కిలోల దగ్గర ఆగితే పడవ చెప్పినట్టు వింటుంది. మీరు 62 కిలోలు. తాగునీళ్లు 5 లీటర్లు అంటే 5 కిలోలు. తిండి, స్టవ్ కలిపి 4. బట్టలు, మ్యాట్, స్లీపింగ్ బ్యాగ్ 5. లైఫ్‌జాకెట్, తాడు, ఫస్ట్ ఎయిడ్ లాంటివి 4. మొత్తం 80. ఇంకా 10 కిలోలు మిగిలాయి. అందులో 1.3 కిలోల టెంట్ పెట్టినా, 2.3 కిలోలది పెట్టినా పడవ పట్టించుకోదు.

అది పట్టించుకునేది సైజును, బరువు పెట్టిన చోటును. మన దగ్గర అద్దెకు దొరికేవి ఎక్కువగా పైన కూర్చునే రకం ప్లాస్టిక్ కయాకులు. వాటిలో సామాను సీటు వెనకున్న గుంటలో పెట్టి తాళ్లతో కట్టాలి. లోపల కూర్చునే రకమైతే హ్యాచ్ అనే చిన్న మూతలోంచి సామాను దూర్చాలి. రెండింట్లోనూ పొడుగాటి సంచి కష్టమే. అందుకే టెంట్ కొనేటప్పుడు 'ప్యాక్ చేశాక ఎంత పొడవు' అన్న అంకె తప్పకుండా చూడండి. ఆ పొడవును నిర్ణయించేది గుడ్డ కాదు, మడిచిన పోల్ ముక్క. 35 నుంచి 45 సెంటీమీటర్ల ముక్కలున్న పోల్స్ అయితే ఇబ్బంది ఉండదు. 60 దాటితే మా ఫ్రెండ్స్ కథే.

ఇంకో చిట్కా. టెంట్‌ను అది వచ్చిన సంచిలోనే పెట్టాలని రూలేం లేదు. లోపలి టెంట్ ఒక డ్రై బ్యాగ్‌లో, పైకప్పు గుడ్డ ఇంకో దాంట్లో, పోల్స్ విడిగా పెట్టుకోండి. తెల్లారి పైకప్పు తడిగా ఉన్నా లోపలిది పొడిగా ఉంటుంది. డ్రై బ్యాగ్ మూతిని కనీసం మూడు చుట్లు మడిచాకే క్లిప్ పెట్టాలి. బరువైన వస్తువులు సీటుకు దగ్గరగా, అడుగున ఉండాలి. ఎత్తుగా పేరిస్తే పడవ ఒరుగుతుంది.

మీకో విషయం తెలుసా? తేలికపాటి టెంట్లతో క్యాంపింగ్ చేయడాన్ని ఒక పద్ధతిగా మార్చిన మనిషి ఒక దర్జీ! పేరు థామస్ హైరమ్ హోల్డింగ్. లండన్‌లో బట్టలు కుట్టేవాడు. 1877లో స్కాట్లాండ్ కొండ ప్రాంతాల్లో చిన్న పడవ మీద క్యాంపింగ్ యాత్ర చేశాడు. తర్వాత సైకిల్ మీద మోసుకెళ్లగలిగే టెంట్ల మీద పడ్డాడు. 1901లో సైకిల్ క్యాంపర్ల సంఘం మొదలవడానికి ఆయనే కారకుడు. 1908లో 'ది క్యాంపర్స్ హ్యాండ్‌బుక్' రాశాడు. ముందు పడవ, తర్వాత సైకిల్. మోసే వాహనాన్ని బట్టి టెంట్ మారుతుందని ఆయన అప్పుడే పట్టుకున్నాడన్నమాట.

సీటీసీ వేరు, చేతికొచ్చేది వేరు

ఆఫర్ లెటర్‌లో సీటీసీ చూసి ఎగిరి గంతేసి, మొదటి నెల జీతం చూసి నీరసపడినవాళ్లు మీ సీనియర్లలో బోలెడుమంది ఉంటారు. టెంట్ బరువు కూడా అలాంటిదే. 'మినిమమ్ వెయిట్' లేదా 'ట్రైల్ వెయిట్' అంటే సాధారణంగా లోపలి టెంట్, పైకప్పు, పోల్స్ మాత్రమే. మేకులు, తాళ్లు, సంచులు, రిపేర్ ముక్క అన్నీ కలిపితే వచ్చేది 'ప్యాక్డ్ వెయిట్'. మీరు మోసేది ఈ రెండోదాన్ని. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు మొదటిది. నా 1.3 కిలోల్లో కర్రల బరువు అసలు లేనేలేదు.

'ఇద్దరికి' అన్న మాటనూ కొంచెం అనుమానంగా చూడండి. టూ పర్సన్ టెంట్ అంటే ఇద్దరు భుజాలు ఆనించి పడుకునేంత చోటు, అంతే. సామాను లోపల పెట్టుకోవాలంటే, లేదా మీరు ఆరడుగుల మనిషైతే, లోపలి కొలతలు సెంటీమీటర్లలో చదవండి. ఇంట్లో నేల మీద చాక్‌పీసుతో అంతే గీసి ఇద్దరూ పడుకుని చూడండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

20 డెనియర్ అంటే?

స్పెక్ షీట్‌లో '20డి', '75డి' అని కనిపిస్తుంది. డి అంటే డెనియర్. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె తగ్గేకొద్దీ పోగు సన్నం, గుడ్డ తేలిక, చిరిగే ప్రమాదం ఎక్కువ.

ఈ కొలత మన ప్రాంతానికి కొత్తదేం కాదు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసేవాళ్లను అడగండి. ముడిపట్టును 20/22 డెనియర్ అంటూ లెక్కగడతారు. నా క్లాస్‌మేట్ వాళ్ల నాన్న మగ్గం నేస్తారు. నా టెంట్ గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇరవై డెనియరా? మా పట్టు ఒంటిపోగు అంతే గదప్పా. మేము దాన్ని మెలేసి, జోడించి నేస్తాం. దీన్ని నువ్వు బండరాళ్ల మీద పరుస్తావా?" అన్నారు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నాకు తట్టని ప్రశ్న అది!

అందుకే పైకప్పు సన్నగా ఉన్నా ఫర్వాలేదు, నేల గుడ్డ మందంగా ఉండాలి. లేదా అడుగున విడిగా ఒక షీట్ పరచాలి. అడుగు షీట్ టెంట్ అంచులు దాటి బయటకు రాకూడదు. వస్తే వాన నీళ్లు పట్టి టెంట్ కిందకే చేరుస్తుంది. గుడ్డలో చిన్న చిన్న గళ్లు కనిపిస్తే అది రిప్‌స్టాప్. ఒక చోట చిరిగినా మందపాటి పోగు దగ్గర ఆగుతుంది.

నైలానా, పాలిస్టరా? నైలాన్ బలమైనది, కానీ తడిస్తే సాగి వేలాడుతుంది. రాత్రి మళ్లీ లేచి తాళ్లు బిగించుకోవాలి. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండను కూడా ఎక్కువ కాలం తట్టుకుంటుంది. రాయలసీమ ఎండకూ, నీటి పక్కన రాత్రి చెమ్మకూ కలిపి చూస్తే మొదటి టెంట్‌గా పాలిస్టర్ మేలని నా అభిప్రాయం.

ఇక 'హైడ్రోస్టాటిక్ హెడ్ 1,500 మి.మీ., 3,000 మి.మీ.' అన్న అంకె. గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభాన్ని నిలబెట్టినా కారదని దానర్థం. ఇంటర్‌లో చదివిన సూత్రమే, పీడనం అంటే సాంద్రత, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం. 1,500 మి.మీ. అంటే దాదాపు 14,700 పాస్కల్స్. మామూలు వానకు పైకప్పుకు ఇది సరిపోతుంది. మరి నేలకు? 60 కిలోల మనిషి రెండు మోకాళ్ల మీద కూర్చున్నాడు, నేలకు ఆనిన చోటు మొత్తం 80 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. లెక్క వేస్తే 73,500 పాస్కల్స్. అంటే ఏడున్నర మీటర్ల నీటి ఎత్తుతో సమానం! తడి నేల మీద మోకాలు మోపిన చోటే చెమ్మ ఎందుకు ఊరుతుందో ఇప్పుడు తెలిసింది కదా. లోపల మ్యాట్ వేస్తే ఆ భారం పరుచుకుంటుంది. పీడనం తగ్గుతుంది. కుట్ల మీద లోపలివైపు టేపు అతికించి ఉందో లేదో కూడా చూడండి. గుడ్డ ఎంత మంచిదైనా సూది రంధ్రాల్లోంచి నీళ్లు దిగుతాయి.

వాన బయట లేదు, లోపలే!

"టెంట్ లీకవుతోంది" అని రివ్యూల్లో రాసేవాళ్లలో కొందరిది అసలు లీకే కాదు. రాత్రంతా మన ఊపిరిలోంచి నీటి ఆవిరి వస్తుంది. పైకప్పు గుడ్డ ఆకాశం వైపు వేడిని వదిలి చల్లబడుతుంది. దాని ఉష్ణోగ్రత మంచు బిందువు కంటే కిందికి పడగానే ఆవిరి నీటి చుక్కలుగా మారుతుంది. నీటి ఒడ్డున గాలిలో తేమ ఎలాగూ ఎక్కువే. కాబట్టి కయాక్ క్యాంపింగ్‌లో ఈ సమస్య మామూలు కంటే ఎక్కువగా వస్తుంది.

దీనికి మందు రెండు పొరల టెంట్. లోపల దోమతెర లాంటి జాలీ, పైన వాన ఆపే గుడ్డ, రెండింటికీ మధ్య ఖాళీ. చుక్కలు పై గుడ్డకు పట్టి అంచుల వెంట కిందికి జారిపోతాయి. మన మీద పడవు. ఒక పొర టెంట్ తేలికే, కానీ చెమ్మతో ఎలా వేగాలో తెలిసినవాళ్లకు. ఏ టెంట్ అయినా పైన గాలి తూము ఉండాలి, దాన్ని చలికి భయపడి మూసేయకూడదు. ఎండాకాలం రాత్రుల్లో మాత్రం ఈ జాలీయే మనకు ఏసీ.

మేకు దిగని చోట

గండికోట లాంటి బండ మీద మేకులు దిగవు. ఏటి ఇసుకలో దిగుతాయి, కానీ నిలవవు. రెండు చోట్లా అక్కరకొచ్చేది ఫ్రీస్టాండింగ్ టెంట్. అంటే పోల్స్ ఒకదాన్నొకటి దాటుతూ వంగి, మేకులు లేకుండానే నిలబడే రకం. 1975లో ది నార్త్ ఫేస్ కంపెనీ తెచ్చిన 'ఓవల్ ఇంటెన్షన్' టెంట్‌కు బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ జియోడెసిక్ గుమ్మటాలే స్ఫూర్తి. సివిల్, మెకానికల్ విద్యార్థులు దీని బొమ్మ ఒకసారి చూడండి. వంగిన పోల్, లాగి ఉన్న గుడ్డ ఒకదాన్నొకటి ఎలా నిలబెడతాయో క్లాస్‌రూమ్ కంటే బాగా అర్థమవుతుంది.

నిలబడుతుంది కదా అని వదిలేయొద్దు. లోయలో గాలి తిరిగితే ఖాళీ టెంట్ పతంగిలా లేస్తుంది. బండ మీదైతే తాడును పెద్ద రాయికి చుట్టండి. ఇసుకలోనైతే తాడు చివర కర్ర ముక్కో, ఇసుక నింపిన సంచో కట్టి అడ్డంగా అడుగు లోతున పూడ్చండి.

పోల్స్ ఫైబర్‌గ్లాస్‌వైతే చౌక, బరువు ఎక్కువ, విరిగితే పేళ్లు లేస్తాయి. అల్యూమినియంవి తేలిక, వంగినా చాలావరకు సరిచేసుకోవచ్చు. బడ్జెట్‌లో ఎక్కడైనా ఒక చోట ఎక్కువ ఖర్చు పెట్టాలంటే నేను పోల్స్ మీద పెడతాను.

ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

మంచి టెంట్ తప్పు చోట వేస్తే ఉపయోగం లేదు. గండికోట దగ్గర పెన్నాకు పైన గండికోట రిజర్వాయర్, కింద మైలవరం రిజర్వాయర్ ఉన్నాయి. డ్యాములున్న ఏ నదిలోనైనా వాన పడకపోయినా నీటిమట్టం మారుతుంది. ఒడ్డున పాత నీటి గీత, కొట్టుకొచ్చిన పుల్లలు ఎక్కడి దాకా ఉన్నాయో చూసి దానికి బాగా పైన వేయండి. నీళ్లకు దూరం జరిగితే చెమ్మ కూడా తగ్గుతుంది. కయాక్‌ను కూడా పైకి లాగి కట్టేయండి.

అనుమతి లేని చోట వద్దు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది, అది ఏనుగుల తావు. అక్కడ టెంట్ అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. ఊరి చెరువుల్లో రాత్రిపూట సాహసాలూ వద్దు. మొదటిసారి శిక్షణ పొందిన గైడ్ ఉన్న నిర్వాహకులతోనే వెళ్లండి. ఈత వచ్చినా సరే, నీళ్ల మీద ఉన్నంతసేపూ లైఫ్‌జాకెట్ ఒంటి మీద, బకిల్స్ పెట్టుకుని ఉండాలి. టెంట్ జిప్పు ఎప్పుడూ మూసి ఉంచండి. మన ప్రాంతంలో తేళ్లూ, పాములూ కొత్త కాదు. బూట్లు వేసుకునే ముందు దులపండి.

డబ్బుల సంగతి

ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఖరీదైన టెంట్ కొనమని నేను చెప్పను. మొదటి ట్రిప్‌కు అద్దెకో, అరువుకో తీసుకోండి. ఏం కుదిరింది, ఏం కుదరలేదు అన్నది రాసుకోండి. ఆ తర్వాతే కొనండి. ఇద్దరికి కలిపి రెండు నుంచి రెండున్నర కిలోల ప్యాక్డ్ వెయిట్, రెండు పొరలు, అల్యూమినియం పోల్స్, పొట్టి సంచి. విద్యార్థికి ఇది చాలు. బరువును ఇద్దరూ పంచుకుంటే ఒక్కొక్కరికి కిలో చిల్లర. ఒక కిలో చుట్టుపక్కల దొరికే డైనీమా లాంటి గుడ్డల టెంట్లు అద్భుతమే, కానీ వాటి ధర మోయడం టెంట్ మోయడం కన్నా కష్టం.

కొన్నాక నేరుగా ఏటికి పోవద్దు. మిద్దె మీద వేసి, పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి లోపల కూర్చోండి. చీకట్లో, ఫోన్ లైట్ లేకుండా ఒకసారి వేసి చూడండి. లోపం ఉంటే రిటర్న్ గడువులోనే తెలుస్తుంది. నేను ఈ పని చేసి ఉంటే కర్రలు లేవన్న సంగతి రామసముద్రంలోనే బయటపడేది.

వచ్చాక పూర్తిగా ఆరబెట్టి, నీడలో దాచండి. తడిగా మడిచిపెడితే బూజు పడుతుంది. లోపలి పాలీయురేథేన్ పూత కూడా తేమకు దెబ్బతిని, జిగటగా మారి వాసన కొడుతుంది. వాషింగ్ మెషీన్‌లో అసలు వేయొద్దు.

ఇందులో కెరీర్ ఎక్కడుంది?

ఆ ట్రిప్ అయిన కొన్ని నెలలకు బెంగళూరులో ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. "మీరు తీసుకున్న ఒక తప్పు నిర్ణయం చెప్పండి" అన్నారు. ప్రాజెక్టు గురించి చెప్పడానికి ఏమీ తోచక టెంట్ కథ చెప్పాను. ఆయన వెంటనే, "తేలిక అన్నారు. ఎవరికి తేలిక?" అని అడిగారు. పావుగంట అదే చర్చ. ఏ అంకె చూశారు, ఏది చూడలేదు, ఇప్పుడైతే ఏం మారుస్తారు? ఆ ఉద్యోగం నాకు రాలేదు. కానీ ఇంటికొచ్చి ఆ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకున్నాను. తర్వాతి ఇంటర్వ్యూల్లో నా ప్రాజెక్టును కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టాను. అవసరం ఇది, ఉన్న పరిమితులు ఇవి, దేని కోసం దేన్ని వదులుకున్నాం, ఎలా పరీక్షించాం. మీ రెజ్యుమేలో కొత్త టెక్నాలజీ పేర్లు పది ఉండొచ్చు. వాటిలో ఒకదాన్నయినా ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలరా? ఇవాళే ప్రయత్నించి చూడండి.

ఈ రంగం మీదే ఆసక్తి కలిగితే దారులున్నాయి. 2024 నవంబరులో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రాష్ట్ర ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. నీటి క్రీడలు, ప్రాణరక్షణలో శిక్షణకు గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది. ఇది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం అండ్ ట్రావెల్ మేనేజ్‌మెంట్‌లో భాగం. ఆ సంస్థకు మన నెల్లూరులోనూ క్యాంపస్ ఉంది. పర్వతారోహణ కోర్సులకు ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ పేరున్నది. టెక్స్‌టైల్, కెమికల్, మెకానికల్ వాళ్లు టెక్నికల్ టెక్స్‌టైల్స్ వైపు చూడొచ్చు. 2020లో కేంద్రం ఈ రంగానికి 1,480 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించింది. టెంట్ గుడ్డలు ఆ రంగంలోని స్పోర్ట్‌టెక్ విభాగం కిందికి వస్తాయి. పట్టు పోగు డెనియర్‌ను వేళ్లతో పట్టుకుని చెప్పగలిగే మనుషులున్న ప్రాంతం మనది. ఆ జ్ఞానం పక్కన మీ డిగ్రీ చేరితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కొనే ముందు ఒక్కసారి

- ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది, ఎవరు మోస్తారు? నాలుగు లైన్లు రాశారా?
- ప్యాక్డ్ వెయిట్ చూశారా? పోల్స్, మేకులు అందులో కలిసి ఉన్నాయా?
- మడిచిన పొడవు కయాక్‌లో పడుతుందా?
- రెండు పొరలు, గాలి తూము ఉన్నాయా?
- మేకులు లేకుండా నిలబడుతుందా?
- పైకప్పుకు కనీసం 1,500, నేలకు 3,000 మి.మీ., కుట్లకు టేపు ఉన్నాయా?
- రిటర్న్ గడువు ఎన్ని రోజులు? ఆలోపు మిద్దె మీద వేసి చూస్తారా?

నా 1.3 కిలోల టెంట్ ఇప్పుడు ఇంట్లోనే ఉంది. పోయిన వానాకాలం మా నాయన దాన్ని టమోటా ట్రేల మీద కప్పారు. "దీనికైతే బాగానే పనికొస్తాదిరా" అన్నారు. ఆ పనికి నిజంగానే అది సరైన టెంట్.